కాఫీ కొండల మీద కషాయం కథ

మా ఊరు అరకు లోయ పైన ఒక కొండవాలులో ఉంది. ఇంటి వెనక నుంచే కాఫీ తోటలు మొదలవుతాయి. అయినా పదో తరగతి పూర్తిచేసి పట్నం హాస్టల్‌కి వెళ్లేదాకా నాకు కాఫీ రుచి తెలియదు. పళ్లు కోసేవాళ్లం, మూటలు మోసేవాళ్లం, అమ్మేవాళ్లం. ఇంట్లో తాగింది మాత్రం పొద్దున్నే చోడి అంబలి. జలుబు చేస్తే అమ్మమ్మ మరిగించి ఇచ్చే కషాయం. చుట్టాలొస్తే సంతలో కొన్న టీ పొడి, బెల్లం.

ఉద్యోగం వచ్చిన కొత్తలో నా స్నేహితుడొకడు కాఫీ మానేసి ‘హెర్బల్ టీ’ తాగమని ఒక అందమైన డబ్బా ఇచ్చాడు. పండక్కి వెళ్తూ దాన్ని ఇంటికి పట్టుకెళ్లాను. అమ్మమ్మ ఒక పొట్లం చింపి అరచేతిలో పోసుకుని వాసన చూసింది.

“ఇది నిమ్మగడ్డే కదేటిరా! దీనికి డబ్బులెట్టి కొన్నారా?”

పెరట్లో నీళ్ల తొట్టి పక్కన నిమ్మగడ్డి దుబ్బు నడుమెత్తున పెరిగి ఉంది. డబ్బా మీద ధర ఉంది, కంపెనీ పేరు ఉంది. ఆ గడ్డిని ఎవరు పెంచారో, ఎవరు కోశారో మాత్రం లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు నాకే నచ్చలేదు. అప్పటినుంచి మనం తాగే పానీయాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అందులో మీకు పనికొస్తాయనుకున్నవి ఈ సంచికలో చెబుతాను.

టీ వేరు, కషాయం వేరు

ముందు పేరు సరిచేసుకుందాం. టీ అనేది ఒకే ఒక మొక్క ఆకు. నల్ల టీ అయినా గ్రీన్ టీ అయినా ఆ మొక్కదే. రెండింటిలోనూ కెఫీన్ ఉంటుంది. తులసి, అల్లం, నిమ్మగడ్డి, సొంఠి, మిరియాలు మరిగించిన నీళ్లు టీ కాదు. దానికి మన భాషలో ఎప్పటినుంచో ఉన్న మాట కషాయం. వీటిలో కెఫీన్ ఉండదు.

మన్యంలో ఈ సరుకుకు కొదవ లేదు. అల్లం, పసుపు మన కొండల్లో పండుతాయి. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదే మిరియాల తీగ పాకుతుంది. పిప్పళ్ల మోడిని విశాఖ మన్యంలో ప్రత్యేకంగా సాగుచేస్తారు. కరక్కాయ, ఉసిరి, సుగంధిపాల వేరు అడవి నుంచి వస్తాయి. ఆ సుగంధిపాలతో చేసే నన్నారి షర్బత్‌ను గిరిజన సహకార సంస్థ ఏళ్ల తరబడి అమ్ముతోంది.

అయితే మన పెద్దలు రోజూ కషాయం తాగలేదు. రోజూ తాగింది అంబలి. కొండకు వెళ్లేవాడి సొరకాయ బుర్రలో ఉండేది అదే. సరిహద్దు దాటి కోరాపుట్ వైపు వెళ్తే దాన్నే మండియా పేజ్ అంటారు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంబలి దాహానికీ ఆకలికీ. కషాయం మందుకు. జీలుగు కల్లు పండగకూ పంచాయితీకీ. దేని చోటు దానికి ఉండేది. ఈ మూడింటిలో ఒకదాని మీద ప్రభుత్వం చెయ్యి వేసినప్పుడు ఏం జరిగిందో చూడండి.

చిగురు పన్ను

రంప తిరుగుబాటు అనగానే మనకు అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. ఆయనకు నలభై ఏళ్లకు పైగా ముందే, 1879లో, గోదావరి మన్యంలో పెద్ద తిరుగుబాటు లేచింది. దానికి ఉన్న ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఒక పానీయం.

ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం అప్పటిదాకా కొండ మనిషికి ఎవరినీ అడగక్కర్లేని పని. కొత్త ఆబ్కారీ విధానంతో అది నేరమైంది. కల్లు హక్కును వేలంలో గుత్తేదార్లకు కట్టబెట్టారు. రంప మన్సబుదారు చిగురు పన్ను పేరుతో అప్పటికే పిండుతున్నాడు. వ్యాపారుల అప్పులు, కోర్టు డిక్రీలు, పోలీసుల దౌర్జన్యం దానికి తోడయ్యాయి. తమ సొంత చెట్టు కల్లు తాగడానికి పరాయివాడికి డబ్బు కట్టాల్సి రావడంతో ఓపిక నశించింది. కారం తమ్మన్నదొర వంటి నాయకుల వెనక ముఠాలకు ముఠాలే కదిలాయి. ఆ మంట విశాఖ మన్యంలోని గూడెం దాకా, అవతల భద్రాచలం వైపు దాకా పాకింది. అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దింపాల్సి వచ్చింది.

కల్లు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. 1922 తిరుగుబాటుకు ముందు అల్లూరి స్వయంగా మన్యంలో తాగుడు మానమని ప్రచారం చేశారు. ఒక అలవాటును మనంతట మనం మానుకోవచ్చు, మార్చుకోవచ్చు. పైవాడు వచ్చి మన చెట్టుకే మనల్ని బాడుగదారును చేస్తే ఆ సంగతి వేరు. మిగతా కథ చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

టీ ఆకు మొదట ఎవరిది?

దేశమంతా తాగే టీ వెనక కూడా ఒక ఆదివాసీ కథ ఉంది. ఎగువ అస్సాం అడవుల్లో సింగ్‌ఫో అనే తెగ ఉంది. టీ చెట్లు వాళ్ల అడవిలో వాటంతటవే పెరిగేవి. ఆకును వేయించి, ఎండబెట్టి, వెదురు గొట్టంలో కూరి పొయ్యి మీద పొగకు పెట్టి దాచుకునేవారు. ఆ టీకి ఫలాప్ అని పేరు. ఇప్పటికీ చేస్తారు.

1823లో రాబర్ట్ బ్రూస్ అనే వ్యాపారి సింగ్‌ఫో నాయకుడు బీసా గామ్ ద్వారా ఈ చెట్ల సంగతి తెలుసుకున్నాడు. చైనా టీ మీద ఆధారపడిన ఆంగ్లేయులకు అది దొరికిన నిధి. 1839 జనవరిలో అస్సాం టీ లండన్ వేలానికి చేరింది. అదే ఏడు అస్సాం కంపెనీ పుట్టింది. అడవులు తోటలుగా మారాయి. 1843లో సింగ్‌ఫోలు తిరగబడ్డారు, ఓడిపోయారు. పుస్తకాల్లో మాత్రం టీని ‘కనుగొన్న’వాడిగా బ్రూస్ పేరే మిగిలింది.

తోటలు వెలిశాక కూలీలు కావాలి. ఛోటానాగ్‌పూర్ నుంచి ముండాలు, ఉరావులు, సంతాలులు రైళ్లలోనూ పడవల్లోనూ అస్సాం వెళ్లారు. మన వైపు గంజాం, విశాఖ మన్యాల నుంచీ వెళ్లారు. వారిలో సవరలూ కోందులూ ఉన్నారు. ఒప్పంద గడువు తీరకుండా తోట వదిలితే అది నేరం. పారిపోయిన కూలీని పట్టుకునే అధికారం చట్టమే యజమానికి ఇచ్చింది. వారి మనవలు, మునిమనవలు అక్కడే ఉండిపోయారు. సొంత రాష్ట్రాల్లో షెడ్యూల్డు తెగలైన వీరికి అస్సాంలో ఆ గుర్తింపు ఇవ్వలేదు. దశాబ్దాలుగా అడుగుతూ వచ్చారు.

ఇంత టీ పండించాక దాన్ని తాగేవాళ్లూ కావాలి. 1903లో టీ సెస్ చట్టం తెచ్చి, ఆ డబ్బుతో ప్రచారం చేయించారు. మొదట విదేశాల్లో, తర్వాత మన దేశంలో. రైల్వే స్టేషన్లలో, మిల్లుల్లో, సంతల్లో టీ కాచి చూపించి అలవాటు చేశారు. టీ తాగడం మనకు అనాదిగా ఉన్న ఆచారం అనుకుంటాం గాని, సగటు భారతీయుడి ఇంట్లోకి అది వచ్చి వందేళ్లు దాటి ఎక్కువ కాలేదు.

కాఫీ మన కొండెక్కిన దారి

కాఫీ పుట్టిల్లు ఇథియోపియా అడవులు. అక్కడినుంచి యెమెన్ చేరింది. పదిహేనో శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా దాన్ని తాగేవారు. బాబా బుడన్ అనే సూఫీ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని కన్నడ నాట చెప్పుకుంటారు.

తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లో వచ్చింది. బ్రాడీ అనే ఆంగ్లేయ అధికారి మారేడుమిల్లి వైపు పాములేరు లోయలో నాటించాడు. 1920ల నాటికి అరకు, పాడేరు ప్రాంతాలకు పాకింది. 1960లలో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో పెద్ద ఎత్తున తోటలు వేసింది. 1985లో వాటిని అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగించారు. మన రైతు చేతికి కాఫీ వచ్చింది ఆ తర్వాతి దశలో. 1970ల నుంచి గిరిజన సహకార సంస్థ, ఆ తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి పోడు భూముల్లో కాఫీ నాటించాయి. పోడు తగ్గించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఏటా కొంత నగదు కళ్లజూడాలన్నది రైతు ఆశ.

తర్వాతి కథ మీకు తెలిసిందే. రైతులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. 2017లో అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ పేరు పెట్టుకుని వేరే చోటి గింజ అమ్మడానికి వీల్లేదు.

అందుకే కాఫీ చెడ్డదని, కషాయమే మంచిదని చెప్పే ప్రచారం చూసి మనం తొందరపడకూడదు. మనలో వేల కుటుంబాల పిల్లల ఫీజు, ఇంటి పైకప్పు, పెళ్లి ఖర్చు కాఫీ పండులోంచే వస్తున్నాయి. సింగ్‌ఫోలకు టీతో జరగనిది మనకు కాఫీతో కొంత జరిగింది. చెట్టు మన భూమిలో ఉంది, పేరు మన లోయది. ధర నిర్ణయంలోనూ మన మాట చెల్లేలా చూసుకోవడం ఇంకా మిగిలిన పని.

ఇంకో విషయం. కాఫీ చెట్టు నుంచి వచ్చేది గింజ ఒక్కటే కాదు. యెమెన్‌లో గింజ తీసేయగా మిగిలిన ఎండు పొట్టును అల్లంతో మరిగించి తాగుతారు. దాన్ని కిషర్ అంటారు. మన దగ్గర ఆ తొక్క చాలావరకు ఎరువుగుంతకు పోతోంది. ఆహార శాస్త్రం చదువుతున్న పిల్లలు మనలో ఉన్నారు. ఒకసారి ఆలోచించండి.

ఒక ఆకు, ఒక కాయ, ఒక వాటా

పరాయివాళ్లు పట్టుకుపోయిన మూలిక మీద హక్కును తిరిగి సాధించుకున్నవాళ్లు ఉన్నారా? ఉన్నారు.

దక్షిణాఫ్రికాలో సెడర్‌బర్గ్ కొండల్లో రూయిబోస్ అనే పొద పెరుగుతుంది. ఆకులు ఎండబెట్టి మరిగిస్తే ఎర్రటి పానీయం వస్తుంది. కెఫీన్ ఉండదు. కాఫీ మానాలనుకునేవాళ్లు ప్రపంచమంతా దాన్ని కొంటారు. ఆ మొక్క వాడుక నేర్పింది ఖోయ్, సాన్ అనే ఆదివాసీ జనాలు. ఇరవయ్యో శతాబ్దమంతా లాభం తోటల యజమానులది, కంపెనీలది. సాన్, ఖోయ్ సంఘాలు ఏళ్ల తరబడి వాదించి, తమ దేశ జీవవైవిధ్య చట్టాన్ని పట్టుకుని, 2019లో ఒప్పందం సాధించాయి. రైతు దగ్గర కొనే ధరలో 1.5 శాతం ఈ రెండు సమాజాలకు చెల్లించాలి. వాటా చిన్నదే. అయినా ఆ జ్ఞానం ఎవరిదో కాగితం మీద ఒప్పుకున్నారు.

మన దేశంలోనూ ఒక ఉదాహరణ ఉంది. 1987లో కేరళ అగస్త్యమల అడవుల్లో శాస్త్రవేత్తలకు కాణి తెగ యువకులు దారి చూపిస్తున్నారు. వచ్చినవాళ్లు అలసిపోయారు, కాణి యువకులు మాత్రం ఏవో చిన్న కాయలు నములుతూ చురుగ్గా నడుస్తున్నారు. అడగ్గా అడగ్గా చెట్టు చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ దానితో ‘జీవని’ అనే మందు తయారుచేసి, 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు తయారీ హక్కు ఇచ్చింది. వచ్చిన ఫీజులో, రాయల్టీలో సగం కాణి ప్రజలకు ఇవ్వాలని నిర్ణయించి, అందుకోసం ట్రస్టు పెట్టారు. కాణి జనాన్నంతటినీ అడగలేదన్న విమర్శలూ వచ్చాయి. ఆ విమర్శల నుంచి కూడా మనం నేర్చుకోవాలి. దారి చూపిన ఇద్దరి మాట ఊరందరి మాట కాదు.

మరి ఆరోగ్యం సంగతి?

ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. కాఫీ మానేసి కషాయం తాగితే అన్ని జబ్బులూ పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

కాఫీ, టీలలోని కెఫీన్ నిద్రను పాడుచేస్తుంది. పరీక్షల ముందు రాత్రి పదింటికి కాఫీ తాగి, మర్నాడు తల బరువెక్కి కూర్చునేవాళ్లకు ఆ పూట తులసి, అల్లం నీళ్లు మేలు. చక్కెర వేయకపోతే ఇంకా మేలు. గర్భిణులు కెఫీన్ తగ్గించుకోవాలి.

అంతకంటే ముఖ్యమైనది రక్తహీనత. మన ఆడపిల్లల్లో అది ఎక్కువ. అన్నంతోబాటు, లేదా తిన్న వెంటనే టీ గాని కాఫీ గాని తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. భోజనానికీ టీకీ గంటైనా ఎడం ఉంచండి. ఐరన్ మాత్ర టీతో మింగకండి. తిన్నాక ఉసిరికాయ నమిలితే ఇనుము బాగా ఒంటబడుతుంది. కరక్కాయలాంటి వగరు కషాయాలు కూడా టీలాగే ఇనుముకు అడ్డు తగలగలవు.

మూలిక అంటే హాని లేనిది అనుకోవద్దు. కోవిడ్ కాలంలో తిప్పతీగ తాగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై వైద్యులు నివేదించారు. ఆ నివేదికతో ఆయుష్ మంత్రిత్వ శాఖ విభేదించింది. ఎవరి మాట ఎలా ఉన్నా, మందు మోతాదుకే తాగాలని మన పెద్దలకు తెలుసు. నేలవేము లాంటి చేదు మందును ఏ ముసలమ్మా రోజూ తాగమనలేదు.

జ్వరం విషయంలో ఒక కథ చెబుతాను. చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1970లలో మలేరియా మందు కోసం పాత వైద్య గ్రంథాలు వెతికారు. ఒక మూలిక పనిచేసినట్టే చేసి, మళ్లీ పనిచేయలేదు. పదహారు వందల ఏళ్ల కిందటి గ్రంథంలో ఆ ఆకును నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది, మరిగించమని లేదు. మరిగిస్తే మందు గుణం పోతోందని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో తీసిన సారం నుంచి ఆర్టెమిసినిన్ వచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ దక్కింది. ఈ రోజు మన ఆరోగ్య ఉపకేంద్రంలో మలేరియాకు ఇచ్చే మాత్రల్లో ఆ మందు ఉంది.

ఈ కథలో పాత జ్ఞానానికి గౌరవం ఉంది, పరీక్షకూ చోటు ఉంది. కాబట్టి మన్యంలో చలిజ్వరం వస్తే కషాయం తాగుతూ కూర్చోకండి. ఆశా అక్కను పిలిచి రక్తపరీక్ష చేయించండి. కషాయం గొంతుకు హాయినిస్తుంది, మలేరియాను ఆపదు.

మన చేతిలో ఉన్న పని

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) మనకు ఒక హక్కును గుర్తించింది: జీవవైవిధ్యానికి, సంస్కృతికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి మేధో హక్కు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. స్థానిక మొక్కలు, వాటి వాడుకలు ఆ ఊరి వాళ్లతోనే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయించాలి. మీ పంచాయతీలో ఆ పుస్తకం ఉందా? ఉంటే అందులో మీ ఊరి ముసలివాళ్లు చెప్పిన మాట ఉందా, లేక ఎవరో ఆఫీసులో కూర్చుని నింపారా? ఈ సెలవుల్లో వెళ్లి అడగండి.

ఇంట్లో పెద్దవాళ్లతో అడవికి వెళ్లండి. కువిలో, గదబలో, పోర్జలో, ఆదివాసీ ఒడియాలో, తెలుగులో ఒక్కో మొక్కకు ఉన్న పేరు రాసుకోండి. ఏ నెలలో కోయాలి, ఎంత వదిలేయాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నవీ రాయండి. వేరు తవ్వేటప్పుడు మొత్తం పెకలించకుండా వదిలే పద్ధతి కూడా జ్ఞానమే. అయితే రాసుకున్నదాన్ని వెంటనే ఫోన్‌లో వీడియో తీసి లోకానికి పెట్టేయకండి. ముందు ఊళ్లో కూర్చుని మాట్లాడుకోండి. ఏది అందరికీ చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో ఊరు నిర్ణయించాలి. మహిళా సంఘాలు కషాయం పొడి అమ్మాలనుకుంటే ఆహార భద్రతా లైసెన్సు తీసుకుని, పొట్లం మీద ఊరి పేరు వేసి అమ్మాలి.

మా అమ్మమ్మ పోయి ఆరేళ్లయింది. దగ్గు కషాయంలో నిమ్మగడ్డి, అల్లం, మిరియాలతోబాటు ఆమె ఇంకొక ఆకు వేసేది. గట్టు దిగువ నుంచి తెచ్చేది. దాని వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది, పేరు మాత్రం అడగలేదు. మా అమ్మకు తెలియదు, మేనత్తలకూ తెలియదు. ఆ ఆకు ఇంకా అక్కడే ఎక్కడో మొలుస్తూ ఉంటుంది. గుర్తుపట్టేవాళ్లే లేరు.

మీ ఇంట్లో అమ్మమ్మో తాతో ఉంటే, ఈ పుటలు చదవడం అయ్యాక వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. కాఫీ అయినా కషాయమైనా సరే, ఒక గ్లాసు చేతికిచ్చి అడగండి.